కారు టూ-వే రిమోట్ మోగింది, ఇంతకీ ఏమి జరిగినట్టు? కన్ఫర్మేషన్‌ను చదవడం, పరీక్షించడం, సరిచేసుకోవడం

బటన్ నొక్కారు, కారు జవాబును కూడా వినగల టూ-వే రిమోట్ చిన్నగా మోగింది. ఇంజిన్ స్టార్ట్ అయిందా? డోర్లకు లాక్ పడిందా? చాలామంది ఆ మోతతోనే తృప్తిపడి రిమోట్‌ను జేబులో వేసేసుకుంటారు. ఆ మోత మూడు మాటల్లో ఏదైనా కావచ్చు. 'పంపాను' అన్నది రిమోట్ తనంతట తాను చెప్పే మాట. 'అందింది' అన్నది కారులోని మాడ్యూల్, అంటే రిమోట్ ఆజ్ఞలను అమలుచేసే పెట్టె, చెప్పే మాట. 'అయింది' అన్నది మాడ్యూల్ ఇంజిన్ సంగతి స్వయంగా చూసుకుని చెప్పే మాట. ఈ మూడింటికీ వేర్వేరు మోతలు, వేర్వేరు గుర్తులు ఉంటాయి. మీ రిమోట్‌లో ఏది ఏదో తేల్చుకోవడం సగం పని. మిగతా సగం, ఆ మాట రానప్పుడు ఎక్కడ తెగిందో పట్టుకోవడం.

టూ-వేలో అదనంగా ఉండేది ఏమిటి

వన్-వే రిమోట్‌లో ట్రాన్స్‌మిటర్ ఒక్కటే ఉంటుంది, కారు దగ్గర రిసీవర్ ఉంటుంది. జవాబు చెప్పే పని బండి లైట్లదీ సైరన్‌దే. ఎక్కువ సిస్టమ్‌లలో లాక్‌కు ఒక కూత, పార్కింగ్ లైట్లు ఒకసారి వెలిగి ఆరడం. అన్‌లాక్‌కు రెండు కూతలు, రెండుసార్లు వెలగడం. బండి కంటికి, చెవికి అందినంత దూరం ఇది చాలు.

టూ-వేలో రిమోట్‌లోనూ, కారు ముందు అద్దానికి అంటించే యాంటెన్నా డబ్బాలోనూ పంపే భాగం, వినే భాగం రెండూ ఉంటాయి. కారు వైపు నుంచి వచ్చిన జవాబును రిమోట్ తన ఎల్‌సీడీ తెర మీద బొమ్మగానో, రంగు ఎల్‌ఈడీగానో, బీప్‌గానో, వణుకుగానో చూపిస్తుంది. తెర లేదు కాబట్టి ఇది టూ-వే కాదని తోసిపారేయకండి. ఒక్క ఎల్‌ఈడీతో జవాబు చెప్పే టూ-వే రిమోట్లు చాలానే ఉన్నాయి.

రేడియో వైపు చూస్తే, 433.92 మెగాహెర్ట్జ్ మీద పనిచేసేవి ఒక రకం. 868 మెగాహెర్ట్జ్ పరిసరాల్లో పనిచేసేవి ఇంకో రకం, ఇవి యూరప్‌లో వాడుక. ఉత్తర అమెరికాలో 902 నుంచి 928 మెగాహెర్ట్జ్ మధ్య చానెల్ నుంచి చానెల్‌కు గెంతుతూ పనిచేసేవి ఉన్నాయి. ఒక పౌనఃపున్యానికి చేసిన రిమోట్ ఇంకో దాంతో మాట్లాడదు. పైకి అచ్చం ఒకేలా ఉన్న రెండు రిమోట్లలో ఒకటి ఎంతకీ జత కాకపోతే ముందు చూడాల్సింది వెనక అచ్చువేసిన మోడల్ సంఖ్యనే.

ఒక్క నొక్కు, సెకను సెకనుగా

స్టార్ట్ బటన్‌ను వేలితో అదిమి పట్టారనుకుందాం. చాలా రిమోట్లు ఈ ఆజ్ఞకు రెండు మూడు సెకన్ల నొక్కు అడుగుతాయి, జేబులో పొరపాటున ఒత్తుకుని బండి స్టార్ట్ కాకుండా. నొక్కు సరిపోగానే రిమోట్ ఒక చిన్న ప్యాకెట్ పంపుతుంది. అందులో రిమోట్ సీరియల్ సంఖ్య, నొక్కిన బటన్, ప్రతిసారీ మారే రహస్య కోడ్ ఉంటాయి. ఈ క్షణంలో వినపడే 'టిక్' లేదా వెలిగే ఎల్‌ఈడీ 'పంపాను' అన్న మాట. కారు మరో ఊళ్లో ఉన్నా ఇది వస్తుంది.

తరవాత రిమోట్ తన రిసీవర్‌ను కొద్ది సెకన్లు తెరిచి పెట్టి చెవి ఒగ్గుతుంది. అవతల మాడ్యూల్ కోడ్ సరిచూసి, తన షరతులు చూసుకుంటుంది: బ్రేక్ నొక్కి లేదు కదా, బానెట్ మూసి ఉందా, తాళం ఆన్‌లో లేదు కదా. అన్నీ సరిపోతే ఇగ్నిషన్ వేసి, పార్కింగ్ లైట్లు వెలిగించి 'అందింది' అని జవాబు పంపుతుంది. ఇది సాధారణంగా సెకను రెండు సెకన్లలో వచ్చేస్తుంది. రిమోట్‌లో పొడవాటి బీప్ లేదా స్టార్ట్ బొమ్మ మిణకడం మొదలవుతుంది.

ఇంకా ఇంజిన్ తిరగలేదు. ఫ్యూయల్ పంప్‌కు ప్రెషర్ రావాలి, డీజిల్ బండైతే గ్లో ప్లగ్‌లు కాగాలి. అప్పుడు సెల్ఫ్ తిరుగుతుంది. ఇంజిన్ అందుకుందని మాడ్యూల్ నమ్మాక సెల్ఫ్ వదిలేసి, రెండో జవాబు పంపుతుంది. మిణికే బొమ్మ నిలకడగా వెలుగుతుంది, లేదా మిగిలిన నిమిషాల లెక్క తెర మీద మొదలవుతుంది. 'అయింది' అంటే ఇదే. పెట్రోలు బండిలో ఐదు నుంచి పది సెకన్లు, చలిలో డీజిల్‌కు ఇంకా ఎక్కువే. ఆ మొదటి పొడవాటి బీప్ విని రిమోట్ జేబులో పెట్టేసేవాళ్లు ఈ రెండో మాట ఎప్పుడూ వినరు. 'బండి స్టార్ట్ అయిందని చెప్పింది, తీరా దిగి చూస్తే చల్లగా ఉంది' అనే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇక్కడే.

మాడ్యూల్‌కు నిజంగా ఏమి తెలుసు

'అయింది' అన్న మాట ఎంత నమ్మదగినదన్నది మాడ్యూల్‌కు ఉన్న కళ్లను బట్టి ఉంటుంది.

లాక్ విషయంలో ఆ కళ్లు చాలా బండ్లలో లేవు. మాడ్యూల్ లాక్ వైరు మీద సెకను లోపు ఒక పల్స్ ఇస్తుంది, ఇచ్చాను కాబట్టి పడి ఉంటుందనుకుని తాళం బొమ్మ పంపేస్తుంది. వెనక ఎడమ డోరు యాక్చుయేటర్, అంటే లాక్‌ను కదిలించే మోటారు, చచ్చి, ఆ డోరు తెరిచే ఉన్నా రిమోట్‌లో తాళం బొమ్మే కనిపిస్తుంది. డోరు సరిగ్గా మూతపడలేదన్నది వేరే సంగతి. దానికి డోర్ స్విచ్ ఉంటుంది, మాడ్యూల్‌కు తెలుస్తుంది. మూసిన డోరుకు లాక్ పడిందా లేదా అన్నది మాత్రం కారు కంప్యూటర్ నెట్‌వర్క్‌కు, అంటే క్యాన్ బస్‌కు, డేటా మాడ్యూల్ ద్వారా కలిపిన సిస్టమ్‌లకే తెలిసే అవకాశం ఉంది.

మీది ఏ రకమో తేల్చడం తేలిక. బండికి దెబ్బ తగిలితే అలారం మోగించే షాక్ సెన్సర్‌ను ఆపండి. ముందు అద్దాల్లో ఒకటి దించి ఉంచి, డోర్లన్నీ మూసి, రిమోట్‌తో లాక్ చేయండి. దించిన అద్దంలోంచి చెయ్యి పెట్టి ఆ డోరు లాక్ ఒక్కదాన్ని చేత్తో తీయండి. డోరు తెరవొద్దు. ఇప్పుడు రిమోట్‌తో స్టేటస్, అంటే బండి ఇప్పుడున్న స్థితి, అడగండి. ఇంకా తాళం బొమ్మే చూపిస్తే, మీ సిస్టమ్ చెప్పేది 'పల్స్ ఇచ్చాను' అని మాత్రమే. అలాంటి బండిలో లాక్‌కు వచ్చే ఏ కన్ఫర్మేషన్‌నైనా 'అందింది' కిందే జమకట్టాలి.

ఇంజిన్ విషయం ఇంకాస్త చిక్కు. అది తిరుగుతోందని తెలుసుకోవడానికి మాడ్యూల్‌కు దారులు మూడున్నాయి.

టాక్ సిగ్నల్ వాటిలో మేలైనది. ఇంజెక్టర్ లేదా ఇగ్నిషన్ కాయిల్ వైరు నుంచో, క్యాన్ బస్ నుంచో ఇంజిన్ వేగం నేరుగా అందుతుంది. వైరుతో తీసుకుంటే ఇన్‌స్టాల్ చేశాక ఒకసారి 'టాక్ లెర్న్' చేయించాలి: తాళంతో స్టార్ట్ చేసి, ఐడిల్ నిలకడకు వచ్చాక, మాన్యువల్‌లో చెప్పిన బటన్ వరస నొక్కి లైట్లు వెలిగేదాకా ఆగాలి. సరైన వైరేనా అన్న అనుమానం ఉంటే మల్టీమీటర్‌ను ఏసీ వోల్టులకు పెట్టి చూడండి. ఐడిల్‌లో మామూలుగా 1 నుంచి 6 వోల్టుల మధ్య చూపిస్తుంది, యాక్సిలరేటర్ తొక్కితే పెరుగుతుంది. పెరగకపోతే అది టాక్ వైరు కాదు.

రెండోది వోల్టేజ్ చూసి ఊహించడం. బండి ఆగి ఉన్నప్పుడు మంచి బ్యాటరీ దాదాపు 12.6 వోల్టులు, సెల్ఫ్ కొట్టేటప్పుడు పడిపోతుంది, ఆల్టర్నేటర్ అందుకున్నాక 13.8 నుంచి 14.4 దాకా లేస్తుంది. ఈ పడి లేవడాన్ని చూసి మాడ్యూల్ ఇంజిన్ తిరుగుతోందని తీర్మానిస్తుంది. వైరింగ్ తగ్గుతుందని ఇన్‌స్టాలర్లకు ఇది ఇష్టం. కానీ కొత్త బండ్లలో ఇంధనం ఆదా కోసం ఆల్టర్నేటర్ చార్జింగ్‌ను కంప్యూటర్ తగ్గిస్తూ పెంచుతూ ఉంటుంది. ఇంజిన్ చక్కగా తిరుగుతున్నా వోల్టేజ్ లేవకపోతే మాడ్యూల్ 'స్టార్ట్ కాలేదు' అనుకుని ఆపేసి, మళ్లీ సెల్ఫ్ కొడుతుంది. బండి స్టార్ట్ కావడం, పది సెకన్లకు ఆగడం, ఇలా మూడుసార్లు జరిగి చివరకు రిమోట్‌లో ఫెయిల్ బొమ్మ వస్తే ముందు అనుమానించాల్సింది దీన్నే. మూడోది ఆల్టర్నేటర్ తీగ నుంచి సిగ్నల్ తీసుకోవడం. ఇది కొన్ని బండ్లలోనే కుదురుతుంది.

మీ బండిలో 'అయింది' అన్నది నిజంగా చూసి చెప్పిన మాటేనా అని పరీక్షించాలంటే ఆరుబయట, గేరు పార్క్ లేదా న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వేసి, ఫ్యూయల్ పంప్ ఫ్యూజ్ తీసి రిమోట్‌తో స్టార్ట్ కొట్టండి. లైన్‌లో మిగిలిన ప్రెషర్‌తో ఇంజిన్ కొద్ది సెకన్లు తిరిగి ఆగవచ్చు, లేదా సెల్ఫ్ ఒట్టిగా తిరగవచ్చు. ఇంజిన్ చచ్చాక కూడా రిమోట్‌లో 'రన్నింగ్' అనే ఉంటే మాడ్యూల్ గుడ్డిగా చెబుతోందన్నమాట, సెన్సింగ్ మార్పించుకోండి. ఒక్కసారి చూస్తే చాలు. మాడ్యూల్ మళ్లీ సెల్ఫ్ కొట్టబోతే బ్రేక్ తొక్కి ఆపేయండి, లేకపోతే బ్యాటరీ దిగిపోతుంది. ఫ్యూజ్ తిరిగి పెట్టడం మరచిపోయి సగం రోజు వైరింగ్ వెతికినవాళ్లు లేకపోలేదు.

మీ రిమోట్ భాష నేర్చుకోవడం

మాన్యువల్ ఉంటే మంచిదే. అయినా ఈ వరస ఒకసారి చేసి ఒక కాగితం మీద రాసుకుంటే మాన్యువల్ కన్నా బాగా గుర్తుంటుంది.

1. కారుకు ఎలాగూ అందనంత దూరం, ఐదారు కిలోమీటర్లు వెళ్లినప్పుడు లాక్ నొక్కండి. వెంటనే వచ్చే మోత 'పంపాను'. కొద్ది సెకన్ల తరవాత వచ్చేది 'జవాబు లేదు'. కొన్ని రిమోట్లు దీనికి రెండు మూడు తక్కువ స్థాయి బీప్‌లు ఇస్తాయి, కొన్ని ఏమీ అనవు. ఏమీ అనకపోవడమే మీ రిమోట్ పద్ధతైతే, మౌనాన్నే 'జవాబు లేదు' కింద చదవాలి.

2. కారు పక్కన మూడు మీటర్లలో నిలబడి లాక్, అన్‌లాక్, డిక్కీ ఒక్కొక్కటీ నొక్కి, ప్రతిదానికీ మోత ఏమిటో, బొమ్మ ఏమిటో రాసుకోండి.

3. ఒక డోరు తెరిచి ఉంచి లాక్ నొక్కండి. తప్పు ఉన్నప్పుడు కన్ఫర్మేషన్ ఎలా మారుతుందో ఇప్పుడు తెలుస్తుంది. బానెట్ ఎత్తి స్టార్ట్ నొక్కితే, నిరాకరించినప్పటి మోత తెలుస్తుంది. ఎత్తిన బానెట్‌తో ఇంజిన్ స్టార్ట్ అయిపోతే అక్కడితో ఆపండి. బానెట్ పిన్ స్విచ్ పనిచేయడం లేదు, అది బాగుచేసేదాకా రిమోట్ స్టార్ట్ వాడకండి. బానెట్ కింద చేతులు ఉన్నవాడికి అదే కాపలా.

4. అన్నీ మూసి, స్టార్ట్ నొక్కి, బీప్‌ల మధ్య సెకన్లు లెక్కపెట్టండి. 'అందింది'కీ 'అయింది'కీ మధ్య మీ బండికి పట్టే కాలం అదే. తరవాత ఎప్పుడైనా ఈ కాలం బాగా పెరిగితే బ్యాటరీ నీరసించిందని ముందుగానే తెలుస్తుంది.

జవాబు రాకపోతే

కన్ఫర్మేషన్ రాలేదంటే పని జరగలేదని కాదు. ఆజ్ఞ నెరవేరడానికి ఒక్క వైపు ప్రయాణం చాలు. కన్ఫర్మేషన్ రావాలంటే వెళ్లడం, తిరిగి రావడం రెండూ సాగాలి. అందుకే ఏ సిస్టమ్‌లోనైనా కన్ఫర్మేషన్ అందే దూరం ఆజ్ఞ అందే దూరానికి మించదు. పెట్టె మీద రాసిన మైలు, మూడు మైళ్లు అన్నవి మధ్యలో అడ్డేమీ లేని బయలు లెక్కలు. కాంక్రీటు గోడల మధ్య అందులో చిన్న భాగమే మిగులుతుంది.

ఇక్కడ అందరూ చేసే తప్పు, స్టార్ట్‌ను మళ్లీ నొక్కడం. చాలా రిమోట్లలో స్టార్ట్ బటనే స్టాప్ బటన్. మొదటి నొక్కు అంది, జవాబు మాత్రం దారిలో పోయి ఉంటే, రెండో నొక్కుతో మీరు తిరుగుతున్న ఇంజిన్‌ను ఆపేసినట్టే. మూడోసారి నొక్కితే మళ్లీ స్టార్ట్. కాసేపటికి బండి ఏ స్థితిలో ఉందో మీకూ తెలియదు, రిమోట్‌కూ తెలియదు. ముందుగా స్టేటస్ అడగండి. ఏ బటన్ల జతతో అడగాలో రిమోట్‌ను బట్టి మారుతుంది, అది మాన్యువల్‌లో ఉంటుంది. స్టేటస్ అడగడం వల్ల బండిలో ఏమీ మారదు కాబట్టి ఎన్నిసార్లు నొక్కినా నష్టం లేదు.

స్టేటస్‌కూ జవాబు లేకపోతే ఉన్న చోటనే నిలబడి పదిసార్లు నొక్కే బదులు ఒక అడుగు పక్కకు జరగండి. 433.92 మెగాహెర్ట్జ్‌కు తరంగదైర్ఘ్యం సుమారు 69 సెంటీమీటర్లు. గోడల నుంచి తిరిగొచ్చే తరంగాలు ఒకదాన్నొకటి కొట్టేసుకునే చెవిటి మచ్చలు అందులో సగం, అంటే 35 సెంటీమీటర్ల వరసలో ఏర్పడుతుంటాయి. 915 పరిసరాల్లోనైతే జానెడు కన్నా తక్కువే, 16 సెంటీమీటర్లు. చెయ్యి ఎత్తి పట్టుకోవడం, కిటికీ దగ్గరకు పోవడం కూడా మేలు చేస్తాయి. రిమోట్‌ను గడ్డానికి ఆనించి నొక్కితే దూరం పెరుగుతుందన్న మాట వినే ఉంటారు. ఒంటికి ఆనినప్పుడు శరీరం కూడా యాంటెన్నాలో భాగమవుతుంది, కొన్ని రిమోట్లతో నిజంగానే పనిచేస్తుంది.

ఒక్క సందర్భంలో మాత్రం మౌనాన్ని 'స్టార్ట్ కాలేదు' అనుకోవడం ప్రమాదం. బండి మూసిన గ్యారేజీలోనో, ఇంటికి ఆనుకున్న షెడ్డులోనో ఉండి స్టార్ట్ నొక్కి జవాబు రాకపోతే, ఇంజిన్ తిరుగుతోందనే లెక్క వేసి వెళ్లి కళ్లారా చూడండి. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ లేదు, వాసనా లేదు. అసలు మూసిన చోట బండి ఉన్నప్పుడు రిమోట్ స్టార్ట్‌ను సిస్టమ్ సెట్టింగ్‌లోనే ఆపేసి ఉంచడం ఉత్తమం.

దూరం నుంచి చాలాసార్లు నొక్కాక బండి దగ్గరకొచ్చి నొక్కితే మొదటిసారి పలకకపోవడం ఇంకో వింత. మారే కోడ్‌లో రిమోట్ లెక్క ముందుకు వెళ్లిపోయి, కారు లెక్క వెనకబడి ఉంటుంది. పాత సిస్టమ్‌లలో విరివిగా వాడిన కీలాక్ (KeeLoq) అనే మారే కోడ్ పద్ధతిలో 16 కోడ్‌ల దాకా తేడా ఉంటే కారు నేరుగా ఒప్పుకుంటుంది. అంతకు మించితే వరసగా రెండు నొక్కులు విన్నాకే సర్దుకుంటుంది. కాబట్టి దగ్గరలో మొదటి నొక్కు పోతే కంగారుపడి రిమోట్ విప్పకండి, రెండోసారి నొక్కండి.

ఎక్కడ తెగుతోందో కొలవడం

దీనికి ఇద్దరు కావాలి, ఒక ఫోన్ కావాలి. ఒకరు కారు దగ్గర నిలబడి ఎన్ని నొక్కులకు పార్కింగ్ లైట్లు వెలిగాయో లెక్కపెడతారు. మీరు 10, 50, 100, 200, 300 మీటర్ల దగ్గర ఆగి, ఒక్కో చోట లాక్ ఐదుసార్లు, అన్‌లాక్ ఐదుసార్లు, ఒక్కోదాని మధ్య ఐదు సెకన్లు విడిచి నొక్కి, వచ్చిన కన్ఫర్మేషన్లు లెక్కపెట్టండి. స్టార్ట్‌తో ఈ పరీక్ష వద్దు. రెండు లెక్కలూ పక్కపక్కన రాస్తే కథ బయటపడుతుంది.

కారు దగ్గర పదికి పది వెలిగి, మీకు నాలుగే జవాబులు వచ్చాయంటే తిరుగు దారి బలహీనం: రిమోట్ బ్యాటరీ, లేదా మీ చుట్టూ ఉన్న రేడియో గోల. రెండు లెక్కలూ కలిసి పడిపోతుంటే కారు యాంటెన్నా వైపు చూడండి. పది మీటర్ల దగ్గరే తడబడితే దూరంతో సంబంధం లేదు, యాంటెన్నా తీగ సాకెట్‌లో వదులైంది లేదా ఎక్కడో నలిగింది. ఇదే పరీక్షను 100 మీటర్ల దగ్గర ఇంజిన్ ఆన్ చేసి మళ్లీ చేయండి. ఇంజిన్ ఆన్‌లో లెక్క పడిపోతే బండిలోని ఏదో పరికరం గోల చేస్తోంది.

ఆ పరికరం చాలాసార్లు డాష్‌క్యామే. రియర్‌వ్యూ మిర్రర్ వెనక చోటు బాగుందని డాష్‌క్యామ్‌ను, అంటే రోడ్డును రికార్డు చేసే కెమెరాను, సరిగ్గా యాంటెన్నా పక్కన అంటిస్తారు. దాన్ని తీగతో సహా పీకి చూడండి. తరవాత అనుమానితులు చౌక యూఎస్‌బీ చార్జర్లు, మార్చిన ఎల్‌ఈడీ హెడ్‌లైట్లు. ఒక్కోసారి ఒక్కటే పీకి, పరీక్ష తిరగచేయాలి. అన్నీ ఒకేసారి పీకేస్తే దొంగ దొరకడు.

యాంటెన్నా ముందు అద్దం పైభాగాన, లోహపు చట్రానికి కనీసం రెండు మూడు సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. డాష్‌బోర్డు కిందో, పిల్లర్ కవర్ లోపలో దాచితే అందంగానే ఉంటుంది, దూరం పోతుంది. వేడిని ఆపే లోహపు పూత ఉన్న అద్దాలు రేడియోను కూడా ఆపుతాయి. అలాంటి అద్దాల్లో టోల్ ట్యాగ్ కోసం పూత లేకుండా వదిలిన చోటు ఒకటి రియర్‌వ్యూ మిర్రర్ వెనక ఉండవచ్చు, యాంటెన్నాకు అదే చోటు. అతికించే ముందు అద్దాన్ని స్పిరిట్‌తో తుడిచి ఆరనివ్వండి. తీగను పదునైన అంచుల మీదుగా లాగొద్దు.

రిమోట్ బ్యాటరీ

టూ-వే రిమోట్ బ్యాటరీని పంపడం కన్నా వినడమే ఎక్కువ తింటుంది. అలారం మోగితే చెప్పాలి కాబట్టి రిసీవర్ పొద్దస్తమానం కునుకు తీస్తూ, మధ్యమధ్య లేచి వింటూ ఉంటుంది. అందుకే వన్-వే రిమోట్‌లో ఏళ్లు వచ్చే సెల్ ఇక్కడ నెలల్లో అయిపోతుంది.

వెనక మూత తీసి చూడండి: సీఆర్2032 లేదా సీఆర్2450 నాణెం సెల్, లేదా ఏఏఏ సెల్, లేదా లోపలే ఉండే 3.7 వోల్టుల చార్జింగ్ బ్యాటరీ. కొత్త నాణెం సెల్ మీటర్ మీద 3 వోల్టుల పైన చూపిస్తుంది. 2.8 దిగువకు పడితే మార్చేయండి. పాత సెల్ మీటర్ మీద బాగానే కనిపించి, బటన్ నొక్కగానే కూలబడుతుంది, ముఖ్యంగా చలిలో. బటన్ నొక్కినప్పుడు తెర మసకబారినా, గడియారం సున్నాకు వెళ్లినా సెల్ పని అయిపోయినట్టే. ఏఏఏ వాడే రిమోట్‌లో 1.2 వోల్టుల రీచార్జబుల్ సెల్ వేస్తే కొత్తదైనా 'బ్యాటరీ తక్కువ' బొమ్మ చూపించవచ్చు; అది 1.5 వోల్టుల ఆల్కలైన్ కోసం చేసిన లెక్క. సెల్ మార్చేటప్పుడు సెల్ కింది స్ప్రింగ్ రేకును అగ్గిపుల్ల మొనతో కొంచెం పైకి ఎత్తి, రెండు వైపులా స్పిరిట్ దూదితో తుడవండి. కింద పడ్డ తరవాత ఉండుండి చచ్చిపోయే రిమోట్‌లో చాలాసార్లు ఆ రేకు అణగడమే జబ్బు.

నిరాకరించినప్పుడు చెప్పే కారణం

స్టార్ట్ కాకపోతే మంచి సిస్టమ్ ఊరుకోదు. పార్కింగ్ లైట్లను ఇన్నిసార్లు అని వెలిగించి, లేదా రిమోట్ తెర మీద సంఖ్య చూపించి కారణం చెబుతుంది. ఏ సంఖ్యకు ఏ అర్థమో కంపెనీని బట్టి మారుతుంది కాబట్టి మీ మాన్యువల్‌లోని పట్టికే చూడండి. కారణాలు మాత్రం అన్నిచోట్లా ఇంచుమించు ఇవే: బానెట్ తెరిచి ఉంది, బ్రేక్ నొక్కి ఉంది, తాళం ఆన్‌లో ఉంది, ఇంజిన్ వేగం కనిపించలేదు, మాన్యువల్ గేరు బండిలో సిద్ధం చేయలేదు.

బానెట్ మూసే ఉన్నా 'తెరిచి ఉంది' అంటే పిన్ స్విచ్ తుప్పు పట్టింది. బ్రేక్ ముట్టకపోయినా 'నొక్కి ఉంది' అంటే వెనక బ్రేక్ లైట్లు వెలిగే ఉన్నాయేమో చూడండి, పెడల్ స్విచ్ ఇరుక్కుని ఉంటుంది. ఇంజిన్ అందుకుని రెండు సెకన్లకే చచ్చిపోతే ఇమ్మొబిలైజర్, అంటే సరైన తాళం లేకపోతే ఇంజిన్‌ను ఆపేసే కాపలా. బైపాస్ మాడ్యూల్ తాళంలోని చిప్ కోడ్ ఇవ్వలేకపోతోంది.

మాన్యువల్ గేరు బండిలో సిద్ధం చేయడమంటే ఇది: ఇంజిన్ తిరుగుతుండగా న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వేసి, బ్రేక్ వదిలి, తాళం తీసేయాలి. ఇంజిన్ తిరుగుతూనే ఉంటుంది. దిగి డోర్లు మూసి లాక్ నొక్కితే ఇంజిన్ ఆగుతుంది, సిద్ధంగా ఉన్నట్టు రిమోట్ చెబుతుంది. ఆ తరవాత ఏ డోరు తెరిచినా సిద్ధం రద్దవుతుంది. ఎవరో గేరు వేసి ఉండొచ్చన్న భయంతో పెట్టిన షరతు ఇది. అది చిరాకనిపించి వైరు తెంపి తప్పించేవాళ్లున్నారు. అలాంటి బండి గేరులో ఉండగా సెల్ఫ్ తగిలితే ముందుకు దూకుతుంది.

లాక్ చేసిన ప్రతిసారీ 'డోరు తెరిచి ఉంది' అన్న హెచ్చరిక వచ్చి, నిమిషం ఆగి లాక్ చేస్తే రాకపోవడం ఇంకో పాత తలనొప్పి. మాడ్యూల్ డోరు సంగతి లోపలి రూఫ్ లైటు తీగ నుంచి తెలుసుకుంటోంది, ఆ లైటేమో డోర్లు మూశాక కూడా నెమ్మదిగా ఆరుతోంది. సెట్టింగ్‌లలో డోమ్ లైట్ డిలే అనే ఆప్షన్ పెంచితే సరిపోతుంది, లేదా తీగను డోర్ స్విచ్ దగ్గర నుంచి తీసుకోవాలి.

అలారం పేజింగ్, కొత్త రిమోట్ జత చేయడం

షాక్ సెన్సర్ రెండు మెట్లుగా పనిచేస్తుంది: చిన్నగా తగిలితే హెచ్చరిక, గట్టిగా తగిలితే పూర్తి అలారం. రిమోట్ కూడా రెండు రకాలుగా మోగుతుంది, ఏ డోరో డిక్కీయో బానెట్టో బొమ్మలో చూపిస్తుంది. కానీ మీరు పరిధి దాటి ఉంటే ఈ పేజ్, అంటే రిమోట్‌కు వచ్చే అలారం కబురు, రాదు, రాలేదన్న సంగతీ మీకు తెలియదు. కొన్ని సిస్టమ్‌లలో పరిధి తనిఖీ ఉంటుంది; కొన్ని నిమిషాలకోసారి కారుతో పలకరించుకుని, తెగితే రిమోట్ మోగుతుంది. బ్యాటరీ త్వరగా తింటుంది, అయినా బండి కంటికి కనిపించని చోట పెట్టేవాళ్లకు ఇది ఆన్ చేసి ఉంచడమే నయం. బండి దగ్గరకొచ్చి అన్‌లాక్ చేసినప్పుడు మామూలు రెండు కూతల బదులు అంతకన్నా ఎక్కువ వినిపిస్తే, చాలా సిస్టమ్‌లలో మీరు లేనప్పుడు అలారం మోగిందని అర్థం. ఫోన్ యాప్ ఉన్న సిస్టమ్‌లో జవాబు రిమోట్ రేడియో మీద కాకుండా మొబైల్ నెట్‌వర్క్, సర్వర్ దాటి వస్తుంది. దూరం అడ్డు కాదు గానీ ఆలస్యం ఉంటుంది, బేస్‌మెంట్‌లో నెట్‌వర్క్ లేకపోతే అదీ ఉండదు.

కొత్త రిమోట్ జత చేసేటప్పుడు ఉన్న రిమోట్లన్నీ చేతిలో పెట్టుకుని కూర్చోండి. కొన్ని సిస్టమ్‌లు కొత్తది నేర్చుకోగానే పాతవన్నీ మరిచిపోతాయి. సాధారణ పద్ధతి, ఇగ్నిషన్‌ను మాన్యువల్‌లో చెప్పినన్నిసార్లు గబగబా ఆన్-ఆఫ్ చేయడం, లేదా కారు లోపల అమర్చే వ్యాలే అనే చిన్న సెట్టింగ్ బటన్ నొక్కి పట్టడం. లైట్లు ఒకసారి వెలగగానే ఒక్కో రిమోట్‌లో చెప్పిన బటన్ నొక్కడం. ఎక్కువ సిస్టమ్‌లు నాలుగు రిమోట్ల దాకా ఒప్పుకుంటాయి. జత అయ్యాక ప్రతి రిమోట్‌తో విడిగా లాక్ చేసి కన్ఫర్మేషన్ వస్తోందా చూడండి. తరవాత ఒక అద్దం దించి, లాక్ చేసి, అలారం సిద్ధమయ్యేదాకా అర నిమిషం ఆగి, లోపలి నుంచి డోరు తెరిచి, పేజ్ ఏ రిమోట్‌కు వస్తోందో గమనించండి. కొన్నింటిలో అన్నిటికీ వస్తుంది, కొన్నింటిలో చివరిసారి వాడిన దానికే. రెండో రకమైతే, రాత్రి బండి లాక్ చేయాల్సింది మంచం పక్కన పెట్టుకునే రిమోట్‌తోనే.